చెన్నపురి లా కాలేజీలోని వింత సమాధి

రాయపూరున నివసించు మనలో జయస్తంభ చౌకు మీదుగా పోవనివారుండరు. ఉద్యోగమునకు పోవునప్పుడును, పండుగకు బట్టలు కొనబోవునప్పుడును, ఊరినుండి వచ్చిన చుట్టములకు పట్టణము చూపునప్పుడును ఆ కూడలి దాటియే పోవుదుము. స్తంభమును చూతుము. కాని ఆ తావున పూర్వ మేమి జరిగినదో అడుగువారు కొలదిమంది. రాతికి నోరు లేదు; అడిగినవానికే అది తన కథ చెప్పును.

అట్లు అడుగదగిన రాళ్లలో నొకటి చెన్నపట్టణపు లా కాలేజీ ఆవరణలోనిది. ఆ కళాశాల 1891లో స్థాపింపబడినది. దాని సరసనున్న ఉన్నత న్యాయస్థానపు ఎఱ్ఱని సౌధము 1892లో ప్రారంభమైనది. 1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించువరకు తెలుగు జిల్లాల న్యాయవాదులలో పెక్కుమంది శాస్త్రము నభ్యసించిన తావు ఇదియే. 2018లో తరగతులను నగరము వెలుపలి క్రొత్త ఆవరణలకు మార్చిరి. అంతవరకును, నూరేండ్లకు పైగా, అచ్చటి విద్యార్థులకు ఒక వింత కట్టడము కంటబడుచుండెడిది. క్రింద అధిష్ఠానము, దానిపై పైకిపోనుపోను సన్నగిల్లు నలుపలకల శిఖరము. అది గోపురము కాదు, దీపస్తంభము కాదు, విజయస్తంభమును కాదు. అది ఆంగ్లేయుల సమాధి.

న్యాయశాస్త్రము చదువుకొను చోట సమాధి యేల? చుట్టును శ్మశానము లేదు, క్రైస్తవ దేవాలయమును లేదు. ఇది మొదటి చిక్కు. ఆ సమాధిలో నున్నవారు ఇద్దరు. ఒకడు జోసెఫ్ హిన్మర్సు అను కుంపిణీ యుద్యోగి. రెండవవాడు డేవిడ్ యేల్ అను నాలుగేండ్లు నిండని పసివాడు. ఇంటిపేర్లు వేఱు, తండ్రీకొడుకులు కారు, నెత్తురు సంబంధమును లేదు. మఱి ఒకే గోరీలో నేల యుంచిరి? ఇది రెండవ చిక్కు. ఇక ఆ బాలుడు మరణించిన సంవత్సరము శిలపై 1687 అని యుండగా చరిత్ర గ్రంథములలో 1688 అని కనబడును. ఇది మూడవ చిక్కు. ఈ మూడు ముడులను విప్పబోయిన వానికి, అడుగున నాలుగవ ముడి యొకటి దొరకును. అన్నిటికంటె బరువైనది అదియే.

మొదటి చిక్కు విడవలెనన్న ఆ నేల పూర్వచరిత్ర తెలియవలెను. 1639 ఆగస్టు 22వ తేదీన దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఆంగ్లేయ కుంపిణీవారి ఫ్రాన్సిస్ డే దొరకు కోట కట్టుకొనుటకు అనుమతి నొసగుచు కౌలు వ్రాసియిచ్చెను. ఆయన తండ్రి చెన్నప్ప పేరనే చెన్నపట్టణ మేర్పడినది. దామెర్లవారు తెలుగువారు, చంద్రగిరి రాయల సామంతులు. వేంకటాద్రి సోదరుడగు అంకభూపాలుడు తన ‘ఉషాపరిణయ’ కావ్యమున, తన యన్న అయ్యప్ప నాయకుడు ప్రళయకావేరికిని మైలాపురికిని నడుమ చెన్నపట్టణమును నిలిపినట్లు చెప్పియున్నాడు. ప్రళయకావేరి యనగా నేటి పులికాటు. ఆనాడు డచ్చివారి తావు. మైలాపురి చెంతనున్న శాంథోము పోర్చుగీసువారిది. ఈ రెంటి నడుమ ఆంగ్లేయులు సెంటు జార్జి కోటను కట్టుకొనిరి.

కోటలోపల దొరలుండిరి. కోటకు ఉత్తరమున, నేడు ఉన్నత న్యాయస్థానమును లా కాలేజీ భవనమును ఉన్న నేలపై, మనవారుండిరి. నేతగాండ్రు, అద్దకపువారు, కోమట్లు, దుబాసీలు కాపురమున్న ఆ పేటను దొరలు ‘నల్లవారి పట్నము’ అని పిలిచిరి. చెన్నకేశవస్వామి ఆలయము అచ్చటనే యుండెడిది. కుంపిణీకి మందుగుండు తయారుచేసిన నాగభట్టు 1646లోను, దుబాసి బేరి తిమ్మన 1648లోను ఆ స్వామికి దానములు చేసిరి. ఆ పేట యంచుననే, జామతోట యని పేరుపడిన చోట, ఆంగ్లేయులు తమ మృతులను పూడ్చుకొనెడివారు. కావున సమాధి కళాశాలలోనికి వచ్చుట కాదు. కళాశాలయే శ్మశానములోనికి వచ్చినది.

మఱి తక్కిన గోరీలేమైనవి? దీనికి జవాబు ఫ్రెంచివారి యుద్ధములలో నున్నది. 1746లో లాబూర్దొనే చెన్నపట్టణమును పట్టుకొనెను. ఆంగ్లేయులకు అది 1749లో సంధి మూలమున తిరిగి దక్కినది. మరల 1758 డిసెంబరులో లాలీ సేనాని వచ్చి కోటను ముట్టడించెను. దొరల గోరీలు ఎత్తైన శిఖరములతోను, కమానులతోను గట్టిగా కట్టినవి. కోటకు సమీపముననే యుండుటచే అవి ఫ్రెంచి సిపాయిలకు మంచి చాటైనవి. కోటలోని ఆంగ్లేయులు తమ తాతతండ్రుల గోరీల మఱుగునుండి వచ్చు గుండ్లనే కాచుకొనవలసివచ్చినది. 1759 ఫిబ్రవరిలో ముట్టడి తొలగినది. అటుపిమ్మట దొరలు మొదట చేసిన పనులలో నొకటి ఆ శ్మశానమును నేలమట్టము చేయుట. చెక్కడపు పలకలను మాత్రము ఊడదీసి కోటలోని సెంటు మేరీ దేవాలయము చుట్టును పఱచిరి. ఆ పలకలకు అచ్చటను విశ్రాంతి లేదు. 1782లో హైదరాలీ భయమున వానిని పెకలించి కోటగోడలపై ఫిరంగులకు పీటలుగా వేసిరి. ఆ మీదట మరల యథాస్థానమున పఱచిరి.

ఆ కూల్చివేతలో తప్పించుకొన్నవి రెండే: హిన్మర్సు గోరీయు, పౌనీ యను కుటుంబపువారి గోరీయు. పౌనీలు అప్పటికిని పట్టణమున పలుకుబడి కలవారు. హిన్మర్సు గోరీలో పూర్వపు గవర్నరు కుమారుడుండుటయే దానిని కాచినదని ఊహింపవచ్చును. చెన్నకేశవస్వామికి ఆ గౌరవము దక్కలేదు. కోటముందు మైదానముగా నుండవలెనని దొరలు పాత ఆలయమును తీసివేయించిరి. తరువాత మణలి ముత్తుకృష్ణ మొదలియారు పూనికతో నేటి పూలబజారు చెంత క్రొత్త ఆలయములు వెలసినవి. దేవుడు ఇల్లు మారవలసివచ్చినది; గోరీ మాత్రము కదలలేదు.

ఇక రెండవ చిక్కు. జోసెఫ్ హిన్మర్సు కోటలోని ఆలోచన సభలో గవర్నరునకు తరువాతి స్థానమున నున్నవాడు. 1680 మే నెలలో మరణించెను. ఆయన భార్య కేథరిన్ నలుగురు పిల్లలతో వితంతువైనది. ఆ యేడే అక్టోబరు 28వ తేదీన కోటలో సెంటు మేరీ దేవాలయమునకు ప్రతిష్ఠ జరిగినది. వారమైనను గడచినదో లేదో, నవంబరు 4వ తేదీన, అందు మొట్టమొదటి వివాహము జరిగినది. వధువు ఈ కేథరిన్; వరుడు కుంపిణీ యుద్యోగి ఎలీహు యేల్. గవర్నరు స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ దొర స్వయముగా కన్యాదాత స్థానమున నిలిచెను. భర్త పోయిన ఆరు నెలలకే మారుమనువా యని మనవారికి వింతగా తోచును. కాని ఓడ యేడాదికొకమారు వచ్చు పరదేశమున, నలుగురు బిడ్డలతో ఒంటరియైన స్త్రీకి వేఱు దారి యేమున్నది?

యేల్ దంపతులకు ముగ్గురు కుమార్తెలు, ఒక్కడే కుమారుడు. డేవిడ్ 1684 మే 15వ తేదీన పుట్టినాడు. 1687 జూలైలో తండ్రి గవర్నరైనాడు. ఆరు నెలలు తిరుగక మునుపే పిల్లవాడు పోయినాడు. బిడ్డను ఎక్కడ పూడ్చవలెనన్న ప్రశ్న వచ్చినప్పుడు పూర్వభర్త గోరీలో నుంచిరి. కేథరిన్ నలుగురు పెద్దబిడ్డల తండ్రి అందున్నాడు. అయిదవ బిడ్డ ఆయన ప్రక్కకు చేరినాడు. ఆ తల్లికి అది పరాయి గోరీ కాదు, తన యింటివారిదే. మనలోను పసిపిల్లలను దహింపక భూమికే అప్పగింతురు. ఒంటిగా విడువలేక పెద్దల చెంత నుంచవలెనన్న తలంపు ఏ దేశపు తల్లికైన నొక్కటే. రెండు ఇంటిపేర్ల రహస్యము ఒక తల్లి జీవితమున నున్నది. 1689లో ఆమె బిడ్డలను వెంటబెట్టుకొని ఇంగ్లండునకు వెడలిపోయినది.

మూడవ చిక్కు మన తెలుగువారికి సుళువుగా విడును. గోరీపై లాటిను భాషలో, డేవిడ్ గవర్నరు యేల్ కుమారుడనియు, 1687 జనవరి 25వ తేదీన మరణించెననియు చెక్కియున్నది. 1687 జూలైలో గవర్నరైనవాని కొడుకును, ఆ యేడు జనవరిలోనే మరణించిన గవర్నరు కుమారుడని యెట్లు వ్రాసిరి? కారణమేమనగా, ఆనాటి ఆంగ్లేయులకు సంవత్సరాది మార్చి 25. జనవరి, ఫిబ్రవరి నెలలు పాత యేటిలోనివే. 1752నుండి మాత్రమే వారు జనవరి ఒకటవ తేదీతో సంవత్సరము నారంభించిరి. మనకు ఉగాదివఱకు పుష్యమాఘములు పాత సంవత్సరమునకే చెల్లును గదా! మన పంచాంగకర్తను అడిగినను, ఆ బాలుడు మరణించినది ప్రభవ సంవత్సరమనియు, ఆయన తండ్రి గవర్నరైనదియు ఆ ప్రభవలోననే యనియు చెప్పును. ఇప్పటి లెక్కకు అది 1688 జనవరి. శిలయు తప్పు కాదు, గ్రంథమును తప్పు కాదు.

ఒక్కగానొక్క కొడుకు పోయిన దుఃఖము యేల్ దొరను జీవితాంతము విడిచినట్లు లేదు. 1690లో కడలూరు చెంత మహారాష్ట్రులనుండి కొన్న కోటకు ఆయన హయాములో సెంటు డేవిడ్ కోట యని పేరు పెట్టిరి. అది వేల్సు దేశపు రక్షక సాధువు పేరు. యేల్ వంశము వేల్సుదే. కాని ఆ పేరు పలికినప్పుడెల్ల తండ్రికి పిల్లవాడు తలపునకు రాకపోవునా? 1692లో ఆయన పదవి పోయినది. 1699లో ఇంగ్లండు చేరినాడు. గోలకొండ వజ్రముల వ్యాపారమున గడించిన అపార ధనము చేతనున్నది. దానికి మగ వారసుడు లేడు. అమెరికాలోని కనెక్టికటునుండి బంధువుల బాలు నొకని వారసునిగా పిలిపించు యత్నము చేసెను. ఆ బాలుని పేరును డేవిడ్ యేలే.

ఈ బంధుత్వపు మార్గముననే 1701లో పుట్టిన ఒక చిన్న పాఠశాలవారు ఆయన నాశ్రయించిరి. 1718లో ఆయన 417 గ్రంథములను, జార్జి రాజుగారి చిత్రపటమును, తొమ్మిది బేళ్ల సరకును పంపెను. ఆ బేళ్లలో మస్లిను మొదలగు నూలు వస్త్రములును కలవు. ఆ సరకు నమ్మగా 562 పౌనులు వచ్చినవి. పాఠశాలవారు కృతజ్ఞతతో తమ కళాశాలకు ఆయన పేరు పెట్టుకొనిరి. నేడు ప్రపంచమంతట ప్రఖ్యాతి గాంచిన యేల్ విశ్వవిద్యాలయము అదియే. మన తెలుగుబిడ్డలు కొందరు అచ్చటికి చదువులకై పోవుచున్నారు. ఒక కళాశాల ఆవరణలో కొడుకు గోరీ. సముద్రముల కావల ఒక కళాశాల నొసట తండ్రి పేరు. ఈ రెంటికిని నడుమ నున్నది చెన్నపట్టణమున గడించిన సొమ్ము.

ఇక నాలుగవ ముడి. ఆ సొమ్ము, ఆ యధికారము ఎట్టివి?

1686-87 సంవత్సరములలో ఈ తీరమున ఘోరమైన కరవు వచ్చినది. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించి గెలిచినాడు. తెలుగుదేశము ఒకవైపు సేనల త్రొక్కిడికిని, మరొకవైపు ఆకలికిని లోబడినది. ఆకలికి తాళలేనివారు తమ్మును, తమ బిడ్డలను అమ్ముకొనిరి. కొన్నవారిలో కుంపిణీవారు నుండిరి. ఐరోపాకు పోవు ప్రతి ఓడయు సెంటు హెలెనా దీవికి పదిమందికి తక్కువ కాకుండ బానిసలను తీసికొనిపోవలెనని కోటలోని ఆలోచన సభ ఉత్తరువు చేసినది. ఆ సభలో యేల్ దొర కూర్చుండినాడు. గవర్నరైన పిదప ఆ యుత్తరువును అమలు జరిపినాడు. 1687లో ఒక్క నెలలో ఆ రేవునుండి ఓడలకెక్కింపబడిన వారి సంఖ్య 665కు తక్కువ కాదు. 1688లో ఆ వ్యాపారమును నిషేధించుచు ఉత్తరువు వచ్చిన మాటయు నిజమే. కాని పోయిన ఓడలు పోయినవే.

కాలమును సరిచూచిన యెడల మనసు కలగును. ఆ కరవు మనుష్యులను రేవున నెక్కించినదియు, కోటలో డేవిడ్ జబ్బుపడి కన్నుమూసినదియు ఒకే ప్రభవ సంవత్సరము. ఒక తండ్రి తన కుమారునికై కుమిలినాడు. ఆ తండ్రి సంతకము క్రిందనే మఱి యెందరో తండ్రులకు బిడ్డలు దూరమైరి. డేవిడ్ పుట్టిన తేదీ, పోయిన తేదీ శిలపై నున్నవి. ఓడనెక్కిన ఆ తెలుగు, తమిళ నేలల పేదలకు తేదీలు లేవు, పేర్లు లేవు. లెక్కల పుస్తకమున అంకె మాత్రమే యున్నది. పసివాని నేమి అనగలము? వాడు నిర్దోషి. వాని తల్లి శోకమును చులకన చేయుట మన సంస్కారము కాదు. కాని రాయి చెప్పినది సగమే యని గ్రహించుట చరిత్ర చదువువాని ధర్మము.

యేల్ విశ్వవిద్యాలయమువారు బానిసత్వముతో తమ సంస్థకు గల పూర్వసంబంధములకై 2024 ఫిబ్రవరిలో బహిరంగముగా క్షమాపణ చెప్పిరి. చెన్నపట్టణమున మాత్రము ఈ గోరీనిగూర్చి వేఱొక వివాదము లేచినది. 1921లో దీనిని పురావస్తు శాఖవారు రక్షిత స్మారకముగా చేసికొనిరి. అట్టి కట్టడము చుట్టును నూరు మీటర్లలోపల క్రొత్త నిర్మాణములు కూడవు. న్యాయస్థానమునకు వచ్చువారి బండ్లు నిలుపుటకు అంతస్తుల భవనము కట్టవలెనన్న నిబంధన అడ్డువచ్చినది. 2023లో ఉన్నత న్యాయస్థానమున ఒక న్యాయమూర్తి, ఈ గోరీకి చారిత్రక విలువ లేదనియు, దానిని వేఱొక చోటికి తరలింపవలెననియు తీర్పు చెప్పిరి. దాసులను కొన్నవాని జ్ఞాపకము మన కేలయని కొందరును, మూడువందల నలువది యేండ్ల కట్టడమును కదల్పరాదని కొందరును వాదించిరి.

నా యభిప్రాయము విన్నవించెదను. ఆ రాయి యెచ్చటనున్నను, దానిని పూజింపనక్కఱలేదు, పగులగొట్టనక్కఱలేదు. దాని ప్రక్కన మఱియొక పలక నిలిపి, నాలుగు వాక్యములు తెలుగునను తమిళమునను వ్రాసిన చాలును: ఈ నేలపై తెలుగువారును తమిళులును కట్టుకొన్న పేట యుండెననియు, ఆ పేటను కూల్చిరనియు, ఈ బాలుడు మరణించిన యేటనే ఈ రేవునుండి వందలకొలది జనులు బానిసలుగా పోయిరనియు, వారికి గోరీలు లేవనియు. అప్పుడు ఆ రాయి సగము గాక పూర్తి సాక్ష్యము పలుకును. న్యాయశాస్త్రము చదివిన తావున సగము సాక్ష్యముతో తృప్తి చెందవచ్చునా?

మరల మన రాయపూరునకు వత్తము. 1856లో ఈ ఛత్తీస్‌గఢ్ సీమలో కరవు వచ్చినది. సోనాఖాన్ జమీందారగు నారాయణసింహుడు వర్తకుని ధాన్యపు కొట్లు తెరపించి ఆకలిగొన్న ప్రజలకు పంచిపెట్టినాడు. దానికై చెఱసాల పాలైనాడు, తప్పించుకొని తిరుగబడినాడు, మరల పట్టుబడి 1857 డిసెంబరు 10వ తేదీన ఈ ఊర ఉరికంబ మెక్కినాడు. ఆ తావు జయస్తంభ చౌకేయని ఈ ఊరివారు చెప్పుకొందురు. ఒక కరవున ఒక గవర్నరు ఆకొన్నవారిని ఓడలకెక్కించినాడు. ఆయన కుమారునికి దొరలు రాతిశిఖరము నిలిపిరి. మఱియొక కరవున ఒక జమీందారు ఆకొన్నవారికి అన్నము పెట్టినాడు. ఆయనను జనులు తమ మాటలలో నిలుపుకొనిరి. నేడు నవ రాయపూరున క్రీడాప్రాంగణమునకు ఆయన పేరు పెట్టుకొన్నారు.

చెన్నపట్టణమునకు పోవు సోదరులు ఆ పాత కళాశాల వైపు పోయిన యెడల ఒక్క క్షణము నిలిచి ఆ పసివానిని, పేరులేని ఆ 665 మందిని కూడ తలచుకొందురు గాక. అంత దూరము పోలేనివారు రేపు ఉదయము కార్యాలయమునకు పోవునప్పుడు జయస్తంభ చౌకున, వెంటనున్న పిల్లలకు నారాయణసింహుని కథ చెప్పుదురు గాక.